పలక మీద రాసిన ‘చూశాను’

వెర్నాకు అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు బడి వంటగదిలో పనిచేసి మానేసింది. అమెరికాలోని మిల్వాకీ ఊళ్లో వాళ్ల పేటలో ఏం జరిగినా ముందు ఆవిడకే తెలియాలి. పిట్టల సంగతైనా అంతే.

ఆ పేట లైబ్రరీలో ఓ పలక ఉంది. చలి తగ్గాక తిరిగొచ్చే ఒక్కో పిట్టనూ ఆ ఏడు మొదట ఎవరు కనిపెడితే వాళ్ల పేరు దాని మీదకెక్కుతుంది. కంటపడితే ‘చూశాను’ అనీ, గొంతే వినపడితే ‘విన్నాను’ అనీ రాయాలి. విన్నదానికి అంత పరువు లేదు. మన తీతువులాంటి కిల్‌డీర్ పిట్ట పక్కన పదకొండేళ్లుగా ఒరిన్ పేరే. ఆయనకు ఎనభై దాటాయి.

మార్చి రెండో వారంలో, మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ వెనక మంచు బురదలో నడుస్తుంటే వెర్నాకు వినపడింది: "కిల్‌డీ! కిల్‌డీ!" ఎంత వెతికినా పిట్ట కనపడలేదు. చలికి కాళ్లు కొయ్యబారిపోయాయి. తిన్నగా లైబ్రరీకి పోయి ‘చూశాను’ అని రాసేసింది.

ఒరిన్ ఫోన్ చేశాడు. "నన్ను ఓడించేశావే అమ్మాయ్! ఎక్కడుందో చెప్పు, నేనూ చూసొస్తా."

"ఫ్యాక్టరీ వెనకండీ, కంకరలో తిరుగుతోంది."

పాపం, నొప్పి మోకాలితో మూడు పొద్దులు ఆ బురదలో నిలబడ్డాడు. నాలుగో నాడు ఉండబట్టలేక వెర్నా కూడా వెళ్లింది. దీపస్తంభం మీద గోరింక జాతి స్టార్లింగ్ ఒకటి మెడ ఉబ్బించి "కిల్‌డీ! కిల్‌డీ!" అంది. వెంటనే కారు హారన్‌లా కూసింది.

ఒరిన్ పగలబడి నవ్వాడు. "ఓరి దొంగవెధవా! అందరి గొంతులూ వీడికే కావాలి. నువ్వు కళ్లారా చూశావు గనక సరిపోయింది వెర్నా, లేకపోతే వీడి పాటకే పడిపోయేదానివి. రేపు ఇంకాస్త పెందలాడే వస్తా."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఈయన రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు.

"రావొద్దండీ. నేను చూడలేదు. వీణ్ణే విన్నాను."

"మరి కంకరలో తిరుగుతోందన్నావు?"

"అదీ అబద్ధమే."

ఆయన నవ్వు ఆగిపోయింది. మెడలోని దుర్భిణి తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"పలక సంగతి నువ్వే చూసుకో" అన్నాడు. రెండడుగులు వేసి, "నీ భుజం ఇటివ్వు. మోకాలు వంగట్లేదు."

ఇంటిదాకా ఆయన బరువు ఆవిడ భుజం మీదే ఉంది. ఒక్కసారి కూడా ఆయన మొహంలోకి చూడలేకపోయింది.