పచ్చరంగు నిలకడ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పేజీలో పేరు పక్కన చిన్న లేబుల్ ఒకటి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఇంకా ప్రయోగంలో ఉందా, నమ్మి వాడుకోవచ్చా అనేది అది చెప్పాలి. ఆ లేబుల్ పెట్టేదెవరు? రాసినవాళ్లే. ఎవడి పరీక్ష పేపరు వాడే దిద్దుకున్నట్టు. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేనూ, అనంతపురం కాలేజీలో నాతో చదివిన మిత్రుడూ కలిసి బోరు మోటారును ఫోన్‌తో వేసి ఆపే యాప్ రాశాం. కోడ్ అంతా బయటే పెట్టాం, ఎవరైనా తీసుకోవచ్చు, సరిచేయవచ్చు. బోరులో నీళ్లు అయిపోతే మోటారు దానంతటదే ఆగాలి. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు. అందుకే పేజీలోనూ, యాప్ తెర మీదా ఎర్రగా 'ప్రయోగ దశ' అని రాసి పెట్టాను. కదిరి పక్క మా చిన్నాయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది, దానికంతా ఒకటే బోరు. ఆయనకు యాప్ పెట్టిచ్చినప్పుడు, మోటారు వేస్తే బోరు దగ్గరే ఉండమని మరీ మరీ చెప్పాను.

అనంతపురంలో ఏదో ప్రదర్శన ఉందని మిత్రుడు నాతో ఒక్క మాట అనకుండా లేబుల్ మార్చేశాడు. నమ్మి వాడొచ్చని చెప్పే 'స్టేబుల్' అన్నదానికి తెలుగు వెతికి, మోటారు బొమ్మ కింద పచ్చరంగులో 'నిలకడ' అని పెట్టాడు. కోడ్‌లో మాత్రం ఒక్క అక్షరం సరిచేయలేదు.

మా వైపు బోరు దగ్గర నిలకడ అంటే ఒకటే అర్థం, నీళ్లు తగ్గకుండా వస్తున్నాయని. నడి ఎండాకాలంలో చిన్నాయన ఫోన్‌లో యాప్ దానంతటదే అప్‌డేట్ అయి, ఎర్ర రాత పోయి పచ్చ రాత వచ్చింది. ఆయన తెర చూసి, మోటారు వేసి, కదిరి సంతకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి నీళ్లు లేక మోటారు కాలిపోయింది.

"బోరు కాడ ఉండమంటి కదా చిన్నాయనా," అన్నాను.

"ఎందుకప్పా ఉండేది? నీళ్లు నిలకడగా ఉండాయని మీ ఫోనే చెప్పె కదా. మీరు రాసిందే నమ్మితి."

నేరుగా మిత్రుడి దగ్గరికి వెళ్లాను. వాడు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"ఏమప్పా, ప్రయోగం అంటే ఎవడు తీసుకుంటాడు? జనం బెదురుకుంటారు. ఏమైనా అయితే మాకు సంబంధం లేదని లైసెన్సులో రాసినాం కదా."

"ఆ లైసెన్సు ఇంగ్లీషులో ఉండాది. నిలకడ ఒక్కటే తెలుగులో పెట్టినావు," అన్నాను.

"చదువుకోకుంటే నేనేం చేసేది?"

వాడి మీద అసహ్యం వేసింది. అక్కడే లేబుల్ మళ్లీ ఎర్రగా మార్చాను. సాయంత్రానికల్లా వాడు దాన్ని పచ్చగా చేసి, నన్ను ప్రాజెక్టులోంచి తీసేశాడు.

కాలిన మోటారు పైకి తీసి, కొత్తది దించేలోపు ఎండలు తోటను తినేశాయి. చిన్నాయన కొన్నాళ్లు బిందెలతో నీళ్లు మోసి పోశాడు. తర్వాత మోయడం మానేశాడు. ఎండిన చెట్లు కొట్టించిన రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను.

మొన్న మిత్రుడు ఫోన్ చేశాడు, ఏమీ జరగనట్టే. "మన యాప్ పెట్టిన తోట ఫోటో ఒకటి పంపప్పా, పేజీలో పెడదాం," అన్నాడు.

నరికిన చీనీ మొదళ్ల ఫోటో పంపాను. కింద పచ్చరంగులో 'నిలకడ' అని రాశాను.