మాత్రకీ పాలిష్‌కీ పడలేదు

చెక్కకు పాలిష్ పట్టడంలో మేస్త్రికి సాటి వచ్చేవాడు ఆ వీధిలో లేడు. తాగడంలోనూ లేడు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్ది, బల్లలో మొహం కనిపించేలా చేసేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆ మొహాన్ని ఇంట్లో ఎవరూ చూడలేకపోయేవారు.

భార్య బట్టలు కుట్టేది. ఒకరోజు మిషను మీద మూత పెట్టేసి ఒక్కటే మాట చెప్పింది: ఇంకోసారి తాగితే పిల్లను తీసుకుని అన్నయ్య ఇంటికి పోతానని. మేస్త్రి భయపడ్డాడు. తనంతట తనే ఆస్పత్రికి వెళ్లి మాత్రలు తెచ్చుకున్నాడు. అవి వాడేవాడు గుక్కెడు తాగినా మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, పేగులు నోట్లోకొచ్చేలా వాంతులవుతాయి. దగ్గు మందు కూడా అడక్కుండా తాగొద్దని డాక్టరు హెచ్చరించాడు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు.

రోజూ పొద్దున భార్య ఎదుటే మాత్ర మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేవాడు. అతను పనిచేసే ఫర్నిచర్ షాపులో వాళ్లకు ఈ సంగతి తెలిసి, టీ గ్లాసు అందిస్తూ "ఇంట్లో అడిగి తాగు మేస్త్రీ" అనేవారు. నవ్వుతూ టీ తాగేసేవాడు.

వసారాలో గాలికి పని చేసినన్నాళ్లూ ఒంట్లో కాస్త నలతగా ఉన్నా పట్టించుకోలేదు. ఆ రోజు వాన, ఈదురుగాలి. పెద్ద భోజనబల్ల మర్నాటికి ఇవ్వాలి. తడి పూత మీద చెత్త పడకుండా లోపలి గదిలో తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మొహం కందగడ్డలా ఎర్రబడి, కక్కుకుంటూ బయటికొచ్చి పడ్డాడు.

"మీ ఆయన మళ్లీ మొదలుపెట్టాడమ్మా" అని యజమాని ఫోను చేశాడు. ఆమె వచ్చి చూసింది. మాత్రలిచ్చిన డాక్టరు చెప్పిన లక్షణాలన్నీ చెప్పినట్టే ఉన్నాయి. తాగలేదని మేస్త్రి కూతురి మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు ఆమెకు కొత్త కాదు. అతన్ని ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపి, తను పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో ఇంకో డాక్టరు పని సంగతి అడిగి తల పట్టుకుంది. చుక్క తాగకపోయినా, పాలిష్ స్పిరిట్‌లో ఉన్నదీ ఆల్కహాలే కాబట్టి, మూసిన గదిలో దాని ఆవిరి పీలిస్తే చాలట. తాగాలన్న యావను తగ్గించే వేరే మాత్ర ఉంది, దానికీ స్పిరిట్‌కీ తగవు లేదు, పని మానక్కర్లేదు అని చెప్పి రాసిచ్చింది.

మేస్త్రి కాస్త తేరుకోగానే బావమరిది ఇంటికి పరుగెత్తాడు. బావమరిది గుమ్మంలోనే ఆపి, దొంగకు దొంగే సాక్ష్యమా అని దెప్పాడు. భార్య మాత్రం అంతా వింది. డాక్టరుతో ఫోనులో మాట్లాడింది కూడా. నమ్మింది.

"ఈ కొత్తది వేసుకుని తాగితే ఏమవుతుంది?" అని మొగుణ్ణి అడిగింది.

"పడిపోవడం, కక్కడం ఉండదు. తాగాలనిపించడమే తగ్గుతుంది."

"నీకేమనిపిస్తుందో నాకెలా తెలుస్తుంది? ఆ పాత మాత్రే వేసుకో. వస్తాను."

మేస్త్రి జేబులోంచి పాత మాత్ర తీసి, గుమ్మంలోనే మింగి, నాలుక ఎత్తి చూపించాడు.

ఇప్పుడతను సిమెంటు కొట్లో బస్తాలు మోస్తున్నాడు. ఆమె మాట తప్పలేదు, వచ్చింది. అతనూ తాగలేదు. ఇంట్లో గొడవల్లేవు, మాటలూ పెద్దగా లేవు. షాపు యజమాని రెండుసార్లు కబురు పెట్టాడు. ఆయన బాగయ్యాడు, ఇక పాలిష్ పట్టడు అని భార్యే చెప్పి పంపింది.