అప్పడం, ఫ్రేజల్ వెర్బు, అమ్మ వంతు

మా చిన్నప్పుడు మా ఇంట్లో అప్పడం ఊరికే పెట్టేవారు కాదు... దానికి ఇంగ్లీషులో పరీక్ష ఉండేది.

సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టరు. రాత్రి భోజనానికి కింద చాపేసుకుని ముగ్గురం కూర్చునేవాళ్లం... నాన్న, అమ్మ, నేను. మధ్యలో స్టీలు డబ్బా నిండా అప్పడాలు. డబ్బా మూత మీద నాన్న చెయ్యి.

పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న ఆ రోజు ఫ్రేజల్ వెర్బును... అంటే రెండు మాటలు కలిసి కొత్త అర్థమిచ్చే ఇంగ్లీషు క్రియను... ప్రకటించేవారు. లోకంలో పిల్లలంతా వాటిని పుస్తకంలో చూసి బట్టీ పట్టేవారు. మా ఇంటి రాజ్యాంగం వేరు... రాత్రికి ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పాలి. అందులో ఉన్నది ఆ రోజు మా ఇంట్లో నిజంగా జరిగి ఉండాలి. పుస్తకంలోది చెల్లదు. అబద్ధం అసలే చెల్లదు. వాక్యం లేకపోతే అప్పడం లేదు!

ఈ పథకమంతా అమ్మ కోసం. తుని దగ్గర్నుంచి వచ్చిన అమ్మ, కూరగాయల బండి దగ్గర నిలబడే హిందీ నేర్చేసుకుంది. "భయ్యా, ఠీక్ సే లగావ్" అని ధర సరిగ్గా చెప్పమంటే చాలు, కొత్తిమీర కట్ట దానంతటదే సంచీలో పడేది. కానీ మా స్కూల్లో పేరెంట్స్ మీటింగు మొత్తం ఇంగ్లీషే. ఏటా నాన్నే వెళ్లొచ్చేవారు.

ఆ ఏడు అమ్మ తేల్చి చెప్పేసింది. "ఈసారి మీరు రాకండి. వీడి టీచరుతో నేనే మాట్లాడతాను."

సరే... జరిగిందే చెప్పాలంటే ముందు ఏదో ఒకటి జరగాలి కదా! నాన్న ఆఫీసులో, అమ్మ వంటింట్లో. ఇంట్లో సంఘటనలు జరిపించే శాఖ మొత్తం నేనొక్కణ్ణే చూసుకునేవాణ్ణి. 'ఫాల్ ఆఫ్' రోజున అప్పడం కోసం స్టూలు మీంచి పడ్డాను కూడా. తీరా రాత్రి నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"హి ఫెల్ ఆఫ్ ద స్టూల్!"

"అది నా వాక్యం అమ్మా! యే తో చీటింగ్ హై!"

"పడ్డది నువ్వు, చూసింది నేను. కావాలంటే ఇంకోసారి పడు," అంటూ అప్పడం కరకరలాడించింది. దెబ్బ నాది... అప్పడం ఆవిడది.

అలాగే 'త్రో అవే'కి నేను పారేసిన టిఫినూ, 'మేక్ అప్'కి నేను కల్పించిన కడుపునొప్పీ, 'రన్ అవే'కి నేను ఎగ్గొట్టిన ట్యూషనూ... అన్నీ అమ్మ ఖాతాలోకే.

ఒక్క రోజు మాత్రం అమ్మ వంతు రాలేదు. ఆ పొద్దున మాట 'లుక్ ఆఫ్టర్'... ఒకరిని దగ్గరుండి చూసుకోవడం. మధ్యాహ్నానికి అమ్మకి ఒళ్లు కాలిపోయే జ్వరం. నాన్న వచ్చేదాకా తడిగుడ్డ వేశాను, జావ కాచాను. జావంటే... సిమెంటుకి దగ్గరి బంధువు. అమ్మ గిన్నె ఖాళీ చేసి పడుకుంది. ఆ రాత్రి డబ్బా మూత ఎవరూ తియ్యలేదు.

మీటింగు రోజు రానే వచ్చింది. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. నా కంగారు వేరు... క్లాసు మానిటర్ బ్యాడ్జి నాకే వస్తుందని గట్టి పుకారు.

మా క్లాసు మేడమ్ నవ్వుతూ అన్నారు, "వెరీ సిన్సియర్ బాయ్! హౌ ఈజ్ హి ఎట్ హోమ్?"

అమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషంతా మా ఇంట్లో జరిగినదే. జరిగినదంతా నేను చేసినదే...

"మేడమ్, హి రన్స్ అవే ఫ్రమ్ ట్యూషన్. హి త్రోస్ అవే హిజ్ టిఫిన్. హి మేక్స్ అప్ స్టమక్ పెయిన్..."

ఒక్క తడబాటు లేదు! గంగా ప్రవాహం! నేను కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగదే!

మేడమ్ పెన్ను కింద పెట్టేశారు. "అచ్ఛా... ఎనీథింగ్ గుడ్?"

ప్రవాహం ఆగిపోయింది. అప్పడాల దగ్గర ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు మరి. అమ్మ నా వైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

అమ్మ నెమ్మదిగా అంది... "లాస్ట్ మంత్ ఐ హాడ్ ఫీవర్, మేడమ్. హి లుక్డ్ ఆఫ్టర్ మీ."

జ్వరం రాత్రి మిగిలిపోయిన తన వంతు... అక్కడ చెప్పింది.

బ్యాడ్జి పక్క బెంచీ అమ్మాయికి వెళ్లిపోయింది, అది వేరే సంగతి. మీటింగు రోజు రాత్రి మాత్రం నాన్న, వాక్యం అడక్కుండానే, మూత తీసి డబ్బాను మా ఇద్దరి మధ్యా పెట్టేశారు.

ఇప్పుడు గురుగ్రామ్‌లో నా ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి నోటా ఫ్రేజల్ వెర్బులే... ఫాలో అప్ అంటారు, సార్ట్ అవుట్ అంటారు, ఏదీ జరగదు. మా నాన్న రూలు పెడితే ఒక్క మేనేజరుకీ అప్పడం దక్కదు.

ఇంట్లో ఇప్పుడు ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని అప్పడాలు. నాన్న చెయ్యి టీవీ రిమోటు మీద, అమ్మదీ నాదీ ఫోన్ల మీద... ఇవాళ ఇంట్లో ఏం జరిగిందని అడిగేవాళ్లే లేరు.

మీ ఇంట్లో కంచాల దగ్గర ఏ పరీక్ష ఉండేదో కింద రాయండి... నిజంగా జరిగిందైతేనే చెల్లుతుంది.