తుపాను ఏడాది విరగపండిన వరి

రాజాంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివేటప్పటి మాట. ప్రాజెక్టుకి మా ఊరి వరి దిగుబడులు తీసుకున్నాను. ఏ మడిలో ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో మా మేనమామ ఏటా నోట్‌బుక్కులో రాసిపెడతాడు. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్‌కి ఒక ప్యాకేజీ తగిలించి సగటులు తీశాను.

వైవాలో సార్ గ్రాఫు చూసి, "తుపాను వచ్చిన ఏడాదే అన్నిటికంటే ఎక్కువ పండిందేంటమ్మా?" అన్నారు. నాకేం అర్థం కాలేదు. అక్కడికక్కడే ఆ ప్యాకేజీ తీసేసి మళ్లీ వేశాను. ఇంకో ప్యాకేజీతోనూ చేశాను. అదే జవాబు! అందరూ నవ్వారు.

బయటికొచ్చి మావయ్యకి ఫోన్ చేశాను.

"ఆ యేడు మెరకమళ్లే నిలిసినాయే, అవి బాగా పండినాయి. పంట పోయిన మడికి సున్నా రాస్తారేటే? అశుభం కాదా? కాళీగా ఒగ్గీసినాను" అన్నాడు.

ఖాళీ గళ్లను లెక్కలోంచి వదిలెయ్యమని ప్యాకేజీకి చెప్పింది నేనే.

ఇప్పటికీ ఏ డేటా తెరిచినా ముందు ఖాళీ గళ్లే వెతుకుతాను. ఆ రోజు నేను వదిలేసిన వాటిలో మొదటిది మా నాన్న మడి.