ఫోన్ లాగేసిన చెయ్యి

రెండేళ్ల క్రితం చైత్రంలో, ఏడాది పాపను ఒళ్లో పెట్టుకుని మావారితో సాలూరు నుంచి పాచిపెంట కొండల మీది ఒక సంతకు కారులో బయల్దేరాను. కొత్త దారి. ముందురోజే డాష్‌బోర్డుకు హోల్డర్ బిగించారు. అందులో పెట్టిన ఫోన్ చూపినట్టే పోతున్నాం.

ఒక మలుపు దగ్గర నలుగురు గిరిజన స్త్రీలు కర్ర అడ్డం పట్టి చేతులూపారు. చైత్రంలో గిరిజనులు విత్తనాలకు పూజచేసే ఇటుకల పండగ రోజుల్లో అక్కడి ఆడవాళ్లు అలాగే బళ్లు ఆపి చందా అడుగుతారు.

"వచ్చినప్పుడు ఇత్తామమ్మా, బేగి తప్పుకోండి!" అని మావారు హారన్ కొడుతూ, కారును నెమ్మదిగా పక్కనుంచి పోనిచ్చారు.

ఒకామె వెంట పరిగెత్తి, నా కిటికీలోంచి చెయ్యి దూర్చి ఫోన్ పీకేసింది. మావారు బ్రేకు వేసి, "ఏటిది, పట్టపగలు దొంగతనవా?" అంటూ దిగారు.

ఆమె రొప్పుతూ ఫోన్ ఆయన చేతిలో పెట్టేసింది. "ముందర కలవట్టు కట్టడానికని రోడ్డు తవ్వీసినారు బాబూ. పోన్లో అగుపడదు. మొన్న నా గుంటడు బండితో అందులోనే పడి సచ్చిపోనాడు," అంది.

మలుపు దాటి చూస్తే రోడ్డు లేదు, లోతైన గొయ్యి ఉంది.

కొడుకు పోయిన మూడోరోజే ఆ తల్లి పరాయివాళ్ల కోసం ఎండలో నిలబడింది. మేం ఆమెను తోసుకుని పోబోయాం. దీపం పెట్టినప్పుడల్లా నా బిడ్డతోపాటు ఆమె బిడ్డనూ తలచుకుని దేవుడికి దణ్ణం పెడతాను. ఆ అబ్బాయి పేరు మాత్రం ఆ రోజు నేను అడగలేదు.