మెడ మీది నలుపు

జ్యూసు ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నాలుకమ్మే. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళతో నోరు పుక్కిలించి, పెద్ద స్టీలు తొట్టిలోంచి తీసిన చెంచాడు రసం నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకాస్త పడాలి" అందంటే ఇంకో పంచదార బస్తా విప్పాల్సిందే. తీపిని కొలిచే యంత్రం ఒకటి ఓ మూల పడి ఉండేది గానీ, దాని మాట వినే నాథుడు లేడు. తీపి పెరిగేకొద్దీ అమ్మకాలు పెరుగుతుంటే మేనేజరుకు యంత్రంతో పనేముంది?

లేబుల్ వంకరగా అంటుకున్న సీసాలను పనివాళ్ళకు ఊరికే ఇచ్చేవారు. నాలుకమ్మ వాటిని సంచీ నిండా ఇంటికి మోసేది. కూతురు బట్టల కొట్లో పనికి పోతే మనవరాలి ఆలనాపాలనా ఈమెదే. సీసా మీద పళ్ళ బొమ్మ ఉంది, పళ్ళు ఒంటికి మంచివి, ఇంకేం కావాలి? పిల్ల బొద్దుగా తయారవుతుంటే అమ్మమ్మ మురిసిపోయింది. ఈమధ్య దానికి మాటిమాటికీ దాహం వేస్తుంటే, పాపం ఎండకు కాబోలనుకుని ఇంకో సీసా మూత తీసేది.

అంతలో ప్రభుత్వం కొత్త నిబంధన తెస్తానంది. పంచదార మోతాదు మించిన సీసాల మీద నల్లటి గుర్తు వేయాలి, వాటిని బడుల్లో అమ్మకూడదు. మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అధికారులు జనం అభిప్రాయం వినడానికి సభ పెడితే నాలుకమ్మను బయలుదేరదీశాడు.

"మన పొట్ట కొట్టడానికే ఇదంతా. మీ మనవరాల్ని కూడా తీసుకురండమ్మా. మన జ్యూసు తాగే పిల్ల ఎంత పుష్టిగా ఉందో వాళ్ళే చూస్తారు."

"అదెంత భాగ్యం సార్!"

ఆ పొద్దున పిల్లకు తలంటి, మెడ మీది నలుపు వదలడానికి పీచుతో బరబరా తోమింది. పిల్ల ఏడ్చింది గానీ నలుపు మాత్రం వదల్లేదు.

సభలో పెద్ద అధికారి ఆమెకు ఒక గ్లాసు అందించాడు. "మేం పెట్టిన మోతాదులో పంచదార కలిపిన నీళ్ళివి. రుచి చూసి చెప్పండి."

నాలుకమ్మ చప్పరించి నవ్వింది. "ఉత్తి నీళ్ళు సార్ ఇవి!"

అదే నీళ్ళు పక్కనున్నావిడకు ఇచ్చారు. ఆవిడ ముఖం చిట్లించి, "అమ్మో, పాకంలా ఉంది!" అంది. తర్వాత తాగినవాళ్ళూ అదే మాట. నాలుకమ్మ గ్లాసులో మిగిలిన చుక్క మళ్ళీ నాలుక మీద వేసుకుంది. తన నాలుకలో తీపి ఎప్పుడు చచ్చిపోయింది? ఇన్నాళ్ళూ తను ఎవరికి చాలక ఇంకాస్త, ఇంకాస్త అంటూ వచ్చింది?

అయినా బింకం సడలనీయలేదు. "మా పిల్లను చూడండి సార్. పాలు మానినప్పట్నుంచీ దీని మీదే పెరిగింది."

బల్ల చివర కూర్చున్న డాక్టరమ్మ పిల్లను దగ్గరికి పిలిచి మెడ మీది జుట్టు పక్కకు తీసింది.

"మురికండీ. ఎంత తోమినా చావట్లేదు" అని నాలుకమ్మ సిగ్గుపడింది.

"ఇది మురికి కాదమ్మా. ఒంట్లో చక్కెర అదుపు తప్పుతుంటే కొందరికి చర్మం ఇలా నల్లబడుతుంది. దాహం ఎక్కువా?"

నాలుకమ్మ తలూపింది. డాక్టరమ్మ చిన్న యంత్రం తీసి పిల్ల వేలి కొస గుచ్చింది. అందులో అంకె చూసి ఆమె ముఖమే మారిపోయింది. "షుగరు వ్యాధిలా ఉంది. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి."

"షుగరా? ఇంత పిల్లకా?" నాలుకమ్మ పిల్ల మెడ తడిమింది. ఏడ్చే పిల్లను పట్టుకుని జబ్బునే తోమింది. ఆ జబ్బుకే సీసాలు పోసింది.

పెద్ద అధికారి మెల్లగా అడిగాడు. "మీ మాట ఏమని రాసుకోమంటారు?"

మేనేజరు గుడ్లురుముతున్నాడు. నాలుకమ్మ అటు చూడలేదు.

"గుర్తు వెయ్యండి సార్. పెద్దగా వెయ్యండి. బడుల్లో అస్సలు అమ్మనీకండి. నాలాంటి అమ్మమ్మలు ప్రేమతోనే పోస్తారు, మమ్మల్ని నమ్మి వదిలెయ్యకండి."

పిల్ల కొంగు పట్టుకు లాగింది. "అమ్మమ్మా, దాహం."

డాక్టరమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. పిల్ల ఒక్క గుక్క తాగి గ్లాసు తోసేసింది.

"ఇది కాదు. నువ్వు చేసేది ఇవ్వు."