'బ' లేని ఐదు నెలలు

ఉదయం ఐదింటికి ఇప్పటికీ మెలకువ వస్తుంది. వెంటనే లేవను. పడుకునే, కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టి, గోడ గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా నాడి లెక్కపెడతాను. లేచి కూర్చుంటే లెక్క మారిపోతుంది. నా దగ్గర జూడో నేర్చుకున్న ఆడపిల్లలందరికీ మొదట నేర్పింది ఇదే. పట్టు పట్టడం ఆ తర్వాత. రిటైరై ఆరేళ్ళయింది. రాసుకోవడానికి ఇప్పుడు నా నాడి ఒక్కటే మిగిలింది. ఈ ఉదయం డెబ్భై నాలుగు.

పెద్దాపురం దగ్గర ఒక హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. పాత సైన్సు గదిలో బెంచీలు తీయించి మ్యాట్లు పరిపించాను. నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉండటంతో పిల్లలకీ తలా ఒక పుస్తకం పెట్టాను. తేదీ, నిద్ర, నాడి, బరువు, నొప్పి. ఇవి కాక చివర పేరు పెట్టని గడి ఒకటి ఉండేది. అందులో అప్పుడప్పుడు 'బ' అని రాసేదాన్ని. బ అంటే బయట. నెలసరి వచ్చిన పిల్లని మా వైపు ఇళ్ళల్లో 'బయట ఉంది' అంటారు. ఆ మూడు రోజులూ పిల్లలు జూడో కోటు తొడుక్కోకుండా వరండా మెట్ల మీద కూర్చునేవారు. నేను లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు. పోటీల ముందు నాకు అది ప్రాణం మీదకొచ్చినట్టుండేది. నిజం రాయాలంటే, నాకు ఆ అక్షరం అర్థం ఒక్కటే: సాధన పోయిన రోజు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి, పదో తరగతి. సామర్లకోటలో స్టేషను దారిలో వాళ్ళమ్మకి టిఫిను బండి ఉంది. తెల్లవారకముందే సైకిలు మీద వచ్చేసేది. జూడోలో పడెయ్యడం కన్నా ముందు పడటం నేర్పుతాం. వీపు నేలకి తాకే క్షణంలోనే అరచేయి చాచి మ్యాట్ మీద కొట్టాలి. అప్పుడు దెబ్బ ఒక్క చోట దిగకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. ఆ అమ్మాయి కొడితే చప్పుడు పొడిగా, ఒక్క ముక్కగా ఉండేది. గ్రౌండు అవతలి నుంచి విన్నా పోల్చుకునేదాన్ని.

నలభై ఎనిమిది కిలోల విభాగంలో కాకినాడ నుంచి ఒక పొడుగు పిల్ల వచ్చేది. ఆ పిల్ల చేతిలో రెండుసార్లు ఓడిపోయాం. 'నలభై నాలుగు కిలోలకి దిగుదాం' అని ఆ అమ్మాయితో అన్నది నేనే.

"రాత్రి అన్నం మానేస్తానండి."

"మానెయ్యకే. తగ్గించు."

"తగ్గించడమే కష్టమండి, మానెయ్యడం తేలిక. మా అమ్మ పెసరట్టు వేస్తుంటే వాసన చూసి వచ్చేస్తున్నానండి!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఒకరోజు వాళ్ళమ్మ బండి దగ్గర ఆపింది. "మేడంగారూ, ఊరందరికీ నేను పెడుతున్నాను, నా కూతురు మాత్రం నా పెనం వంక చూడట్లేదండి. ఏం మంత్రం వేశారండి?"

"సెలక్షన్లయ్యేదాకా ఓపిక పట్టండమ్మా."

"మీరు చెప్తే సరేనండి. కానీ దీని బుగ్గలేవండీ?"

పుస్తకంలో మాత్రం అంతా బాగుంది. బరువు నెలనెలా దిగుతోంది. నాడి అరవై ఆరు నుంచి అరవైకి, తర్వాత యాభై రెండుకి, చివరికి నలభై ఎనిమిదికి వచ్చింది. సాధన చేసే వాళ్ళకి గుండె బలపడి నాడి నెమ్మదిస్తుందని చదువుకున్నాను. 'గుండె బలపడుతోంది' అని ఎర్ర సిరాతో రాశాను. చివరి గడిలో 'బ' లేదు. ఒక నెల లేదు, రెండో నెలా లేదు. మిగతా పిల్లల్ని కూర్చోబెట్టి, "దాన్ని చూసి నేర్చుకోండి. ఒక్కరోజు మానిందా?" అన్నాను.

"అది ఆడపిల్ల కాదండి, మిషనండి!" అంది వెనకనుంచి ఒకతె. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

ఏప్రిల్లో ఒకరోజు, కాలరు పట్టు సరిచేద్దామని చెయ్యి పట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా తగిలింది. పైన ఫ్యాను వడగాలి కొడుతోంది.

"చెరువులోంచి వచ్చావా ఏంటే?"

"చలేస్తోందండి."

అది కూడా రాశాను. రాశాక ఇక దాని గురించి ఆలోచించలేదు.

సెలక్షన్లు పదిరోజులున్నాయనగా ఒక ఉదయం మ్యాట్ మధ్యలో కూర్చుండిపోయింది. కాలి ముందెముక పట్టుకుంది. ఎవరూ పడెయ్యలేదు, ఎక్కడా తగల్లేదు. ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత కనబడింది. లేడీ డాక్టరుగారు ఫిల్మ్ దించి, "బయట చేరి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారు. అమ్మాయి డాక్టరు వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"ఐదు నెలలండి."

ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. చేసే పనికి తిండి చాలకపోతే ఒళ్ళు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వస్తుందట. ముందు నెలసరి. తర్వాత గుండెని నెమ్మదిగా కొట్టుకోనిస్తుంది, చేతులకీ కాళ్ళకీ వేడి పంపడం తగ్గిస్తుంది. ఆఖరికి ఎముక పలచబడుతుంది. ఆవిడ చెబుతున్న ప్రతి మాటా నా పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది, తేదీలతో సహా.

వరండాలో వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాతో చెప్పలేదండి. తెల్లారగట్ల నేను బండికి, అది మీ దగ్గరికి. మీకైనా చెప్పిందాండి?"

"చెప్పలేదమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అన్నేళ్ళు మొయ్యగలిగాను.

ఎముక అతుక్కుంది. అమ్మాయి మళ్ళీ మ్యాట్ మీదకి రాలేదు. ఇంటరుకి వేరే ఊరు వెళ్ళింది. మరో మూడేళ్ళు నేను అదే గదిలో వేరే పిల్లలకి నేర్పాను, ఎవరినీ బరువు దించలేదు. పతకాలు పెద్దగా రాలేదు, దానికి బెంగ లేదు. నా బెంగ ఆ చప్పుడు గురించే. ఇరవైమంది పిల్లలు వరసగా పడుతున్నా, చెవి ఆ ఒక్క దాని కోసమే వెతికేది. రిటైరయ్యాక మిగతా పుస్తకాలన్నీ అటక మీద పెట్టించాను. ఆమెది మాత్రం నా మంచం పక్కనే ఉండేది. కొన్ని ఉదయాలు నా నాడి చూసుకున్నాక ఆమె పుస్తకం తీసి, అదే తేదీన ఎంత నిద్రపోయిందో, ఎక్కడ నొప్పన్నదో చదువుకునేదాన్ని.

పోయినేడాది తనే వచ్చింది. తుని దగ్గర ఒక స్కూల్లో ఇప్పుడు తనూ నాలాగే పీఈటీ, జూడో నేర్పుతోంది. బుగ్గలు వచ్చాయి. చేతిలో సీసా. "అల్లం పచ్చడండి, అమ్మ ఇమ్మంది. మీరు తినకపోతే ఊరుకోదట."

కాఫీ అయ్యాక పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచాను. ఎర్ర సిరా చూపించాను. ఖాళీ గడులు ఐదు నెలలవీ చూపించాను. "మీ అమ్మ అడిగినప్పుడు నువ్వు చెప్పలేదన్నాను. కానీ ఇది నా కళ్ళ ముందే ఉంది. చూసి సంతోషించాను కూడా."

ఆమె కాసేపు పేజీలు తిప్పింది.

"తెలుసండి. ఈ గడి ఖాళీగా ఉంటే మీరు పుస్తకం చూసి నవ్వేవారు. మీరలా నవ్వుతుంటే ఎలా చెప్తానండి?"

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

వెళ్ళేటప్పుడు, "ఇది నాకిచ్చెయ్యండి మేడమ్. మా పిల్లలకి చూపిస్తాను" అంది. ఇవ్వాలనిపించలేదు. ఆమెది నా దగ్గర ఉన్నది అదొక్కటే. కానీ ఆ పుస్తకంలో ఉన్న ఒళ్ళు ఆమెది. పాత పేపరులో చుట్టి ఇచ్చాను.

పోయిన వారం ఒక సాయంత్రం ఫోను చేసింది. వెనక పిల్లల గోల. "మేడమ్, ఒక పిల్లకి రెండు నెలలుగా 'బ' లేదండి. వచ్చే వారం సెలక్షన్లు. మంచి ఊపులో ఉందండి. ఏం చెయ్యమంటారు?"

"సెలక్షన్లు పోనీ. డాక్టరుకి చూపించు. ఇవాళే వాళ్ళమ్మకి చెప్పు. కడుపునిండా తిననీ."

"నిన్ననే చెప్పేశానండి. సెలక్షన్లకీ పంపట్లేదు."

"మరి నన్నెందుకు అడిగావే?"

"మీరేమంటారో విందామనండి."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. అటునుంచి ఆమె, "ఉంటానండి, పిల్లలు పడటం మొదలుపెట్టారు" అంది.

"ఫోను పెట్టెయ్యకు. మ్యాట్ పక్కన అలా ఉంచు, కాసేపు."

ఉంచింది. ముందు విజిలు. తర్వాత 'పడండి!' అని ఆమె గొంతు. తర్వాత ఒక్కొక్క అరచేయీ నేలని కొట్టడం. నేను కళ్ళు మూసుకున్నాను. నాలుగు బాగున్నాయి. ఐదోది వీపు పడ్డాక వినిపిస్తోంది.

"ఒక పిల్ల చెయ్యి ఆలస్యంగా వేస్తోందే, చూడు" అన్నాను.

అటు ఫోను దగ్గర ఎవరూ లేరు.